ఇరుగుపొరుగుల శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది గాలిపటం. ఉరుముతున్న ఆకాశం, తడిసిన దారం, దారం చివర ఒక తాళంచెవి. మెరుపు కూడా విద్యుత్తేనని 1752లో నిరూపించిన శాస్త్రవేత్తగా ఆయన గురించి బడిలో చదువుకున్నాం. పరీక్షకు అది సరిపోయింది. ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేశాక ఆయన జీవితాన్ని మళ్లీ చదివితే మాత్రం, గాలిపటం కంటే ఆయన ఉన్న ఊరి కథే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

ఆ ఊరు ఫిలడెల్ఫియా. ఫ్రాంక్లిన్ అక్కడికి వచ్చేసరికి ఊళ్లో మంటలార్పే సంఘం లేదు, అందరూ చదువుకునే గ్రంథాలయం లేదు, ఆసుపత్రి లేదు. వానాకాలంలో బళ్ల చక్రాల కింద వీధులు బురదగుంటలయ్యేవి, ఎండాకాలంలో దుమ్ము లేచేది. ఆయన దగ్గర అధికారం లేదు, పెద్ద చదువు లేదు, మొదట్లో డబ్బు కూడా లేదు. అయినా ముప్పై ఏళ్లలో ఊరు మారింది. దాన్ని మార్చింది ఆ ఊళ్లో ఉండే మామూలు మనుషులు. వాళ్లను ఒకచోట చేర్చడం ఎలాగో ఫ్రాంక్లిన్‌కు తెలుసు. మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ వేళ, ఆ జీవితాన్ని ఆ కోణంలో ఒకసారి చూద్దాం.

రెండేళ్ల బడి చదువు

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టారు. అప్పటికి అమెరికా అనే దేశం ఏర్పడలేదు, ఆ ప్రాంతమంతా బ్రిటిష్ వలస. తండ్రి జోసయా సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసి అమ్మేవారు. ఆయనకు పదిహేడుమంది సంతానం. మగపిల్లల్లో ఆఖరివాడు బెంజమిన్. పిల్లాడి తెలివి చూసి మతగురువును చేద్దామని ఎనిమిదో ఏట అక్కడి ఉచిత గ్రామర్ స్కూల్లో వేశారు. ఏడాది నిండకుండానే, ముందుముందు కాబోయే ఖర్చుకు వెనకాడి మాన్పించారు. రాత, లెక్కలు నేర్పే మరో బడికి పంపితే అక్కడ దస్తూరి కుదిరింది కానీ లెక్కలు అంటలేదు. పదో ఏట ఆ చదువూ ఆగి, పిల్లాడు తండ్రి పక్కన కూర్చుని కొవ్వొత్తుల వత్తులు కత్తిరించే పనిలో పడ్డాడు.

ఆ పని నచ్చలేదు. పన్నెండో ఏట అన్న జేమ్స్ అచ్చాపీసులో అప్రెంటిస్‌గా చేరాడు. పగలు అచ్చు అక్షరాలు కూర్చడం, రాత్రిళ్లు అరువు తెచ్చుకున్న పుస్తకాలు చదవడం. బడిలో అంటని లెక్కలు తనంతట తానే నేర్చుకున్నాడు.

ఆ అచ్చాపీసులో ఉండగానే, 1721లో, బోస్టన్ మీద మశూచి విరుచుకుపడింది. మశూచి పొక్కులోని రసాన్ని కొద్దిగా తీసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మంలోకి ఎక్కించే పద్ధతి ఒకటి అప్పుడప్పుడే అక్కడికి వచ్చింది. ఇప్పటి టీకాలకు అది ముందు తరం. జేమ్స్ నడిపిన పత్రిక దాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. ఆ పత్రిక పనిలో పదిహేనేళ్ల బెంజమిన్ చేతులు కూడా ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

అన్నతో పొసగక 1723లో, పదిహేడో ఏట, ఇల్లు వదిలి ఫిలడెల్ఫియా చేరాడు. జేబులో ఒక డచ్ డాలరు, కాసిని రాగి నాణేలు. మధ్యలో సుమారు రెండేళ్లు లండన్‌లో అచ్చుపని చేసి, 1726లో తిరిగి వచ్చి ఫిలడెల్ఫియాలోనే స్థిరపడ్డారు.

శుక్రవారం సాయంత్రాలు

1727లో, తన ఇరవై ఒకటో ఏట, ఫ్రాంక్లిన్ కొందరు స్నేహితులను కూడగట్టి ఒక చిన్న సంఘం పెట్టారు. పేరు జుంటో. ప్రతి శుక్రవారం సాయంత్రం కలిసేవాళ్లు. సభ్యుల్లో అద్దాలు బిగించే పనివాడు ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు, వడ్రంగి, సర్వేయరు, దస్తావేజులు నకలు రాసేవాడు, అంగడి గుమాస్తా ఉన్నారు. అద్దాల పనిచేసే థామస్ గాడ్‌ఫ్రే సొంతంగా గణితం నేర్చుకుని, సముద్రం మీద ఓడ ఉన్న చోటును కనుక్కోవడానికి పనికొచ్చే కోణమానిని ఒకటి తయారుచేశాడు. చెప్పులు కుట్టే విలియం పార్సన్స్ ఆ తర్వాత ఆ రాష్ట్రానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

ఆ సమావేశాలకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ప్రతివారం ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు చదివేవాళ్లు. ఈమధ్య ఊళ్లో ఎవరి వ్యాపారం దెబ్బతింది, కారణమేమిటి? ఊరికి కొత్తగా వచ్చిన పనిమంతుడెవరికైనా మనం సాయపడగలమా? ఏ చట్టంలో లోపం కనబడుతోంది? ఇలా ఉండేవి ఆ ప్రశ్నలు. వాదన గెలవడం కోసం మాట్లాడకూడదు. ఎదుటివాడిని మొండిగా ఖండిస్తే చిన్న జరిమానా.

పుస్తకాలు ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకుంటే ఎవరికీ చాలడం లేదని జుంటోలో తేలింది. అందులోంచి 1731లో చందా గ్రంథాలయం పుట్టింది. యాభైమంది తలా నలభై షిల్లింగులు మొదట కట్టాలి, ఆపైన ఏడాదికి పది షిల్లింగులు. చందాల కోసం తిరుగుతున్నప్పుడే ఫ్రాంక్లిన్ ఒక విషయం గమనించారు. ఇది నా పథకం అని చెబితే జనం వెనక్కి తగ్గుతున్నారు. ఇతను మనకంటే ఒక మెట్టు పైకి ఎక్కాలని చూస్తున్నాడేమోనన్న అనుమానం. దాంతో ఆయన తన పేరు వెనక్కి లాగేసుకున్నారు. పుస్తకాలంటే ఇష్టమున్న కొందరు మిత్రులు అనుకుంటున్న పని ఇది, వాళ్లు నన్ను తిరగమన్నారు అని చెప్పడం మొదలుపెట్టారు. పని సులువైంది. ఆ తర్వాత జీవితమంతా ఈ పద్ధతిని వాడుకున్నానని ఆత్మకథలో ఒప్పుకున్నారు. పేరు కాస్త ఆలస్యమైనా ఎటూ పోదని ఆయన అనుభవం.

తోలు బకెట్లు

ఫిలడెల్ఫియా ఇళ్లలో కట్టెపుల్లల వాడకం ఎక్కువ, నిప్పు భయం ఎక్కువ. 1735లో ఫ్రాంక్లిన్ తన పత్రిక పెన్సిల్వేనియా గెజిట్‌లో, ఒక ముసలి పౌరుడు రాసినట్టుగా ఒక ఉత్తరం అచ్చువేశారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నిప్పుకణికలు మోసేటప్పుడు మూత లేని పారలో మోయవద్దని, పొగగొట్టాలు తుడిచేవాళ్లకు లైసెన్సు పెట్టి, తప్పు జరిగితే వాళ్లను బాధ్యులను చేయాలని అందులో ఉంది. మంట ఎక్కడ పుడుతుందో ముందు చూడమన్నారు, ఆర్పే సంగతి ఆ తర్వాత చెప్పారు.

మరుసటి ఏడాది, 1736 డిసెంబర్ 7న, యూనియన్ ఫైర్ కంపెనీ ఏర్పడింది. జీతాల్లేని ముప్పైమంది ఊరివాళ్లు. ప్రతి సభ్యుడూ తన ఖర్చుతో తోలు బకెట్లు, సామాన్లు బయటికి చేరవేయడానికి గట్టి సంచులు, బుట్టలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకోసారి కలిసి భోంచేస్తూ, మంటల గురించి తమకు తట్టిన ఆలోచనలు చెప్పుకోవాలి. రానివాళ్లకు జరిమానా. ఆ జరిమానాల డబ్బుతోనే నీళ్లు చిమ్మే యంత్రాలు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. ఇంకా చాలామంది చేరతామని వస్తే ఫ్రాంక్లిన్ బృందం తన సంఖ్య పెంచుకోలేదు. మీ వీధిలో మీరే ఇంకో కంపెనీ పెట్టుకోండని చెప్పి పంపింది. అలా ఒకదాని వెంట ఒకటి పుట్టి ఊరంతా వ్యాపించాయి.

ఆ పత్రం మీద సంతకాలు జరిగిన రోజుకు ఫ్రాంక్లిన్ ఇంట్లో విషాదం జరిగి మూడు వారాలు కూడా కాలేదు. నవంబర్ 21న ఆయన నాలుగేళ్ల కొడుకు ఫ్రాన్సిస్ మశూచితో చనిపోయాడు. ఫ్రాంక్లిన్ అప్పటికే రసం ఎక్కించే పద్ధతిని నమ్మారు. పిల్లాడికి విరేచనాలు తగ్గాక ఎక్కిద్దామని ఆగారు. ఈలోగా రోగం వచ్చింది. రసం ఎక్కించడం వల్లే పిల్లాడు పోయాడని ఊళ్లో పుకారు పుట్టింది. దాన్ని నమ్మి ఇంకెందరు తల్లిదండ్రులు వెనకాడతారోనని, ఆ దుఃఖంలోనే, ఫ్రాంక్లిన్ తన పత్రికలో నిజం అచ్చువేశారు. మా అబ్బాయికి రసం ఎక్కించలేదు, సహజంగా వచ్చిన రోగంతోనే పోయాడు, ఆ పద్ధతి మంచిదనే నా నమ్మకం అన్నది దాని సారాంశం. పదిహేనేళ్ల కిందట అదే పద్ధతిని తిట్టిన పత్రికలో పనిచేసిన మనిషి ఆయనే. 1759లో లండన్‌లో ఉండగా, విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఆ పద్ధతి గురించి సామాన్యులకు అర్థమయ్యే సూచనలు రాస్తే, ఫ్రాంక్లిన్ దానికి బోస్టన్ లెక్కలతో ముందుమాట రాసి అమెరికాలో ఉచితంగా పంచే ఏర్పాటు చేశారు. ఆత్మకథ రాసే వయసుకు కూడా ఆ పిల్లాడి విషయంలో ఆయనకు బాధ తీరలేదు.

సరిగా లాగని పొయ్యి

ఊరు పెరిగేకొద్దీ చుట్టుపక్కల కట్టెలు కరువయ్యాయి. చలికాలంలో గది గోడలోని పొయ్యిలో కట్టెలు కాలిస్తే వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా పైకి పోతుంది. తక్కువ కట్టెలతో ఎక్కువ వెచ్చదనం రావాలని 1740ల మొదట్లో ఫ్రాంక్లిన్ ఒక ఇనుప పొయ్యి రూపొందించారు. జుంటో మిత్రుడు రాబర్ట్ గ్రేస్ తన కొలిమిలో దాని ఇనుప పలకలు పోతపోశాడు. 1744లో ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో, ఎలా బిగించుకోవాలో వివరిస్తూ ఫ్రాంక్లిన్ చిన్న పుస్తకం అచ్చువేశారు. గవర్నరు పేటెంటు ఇస్తానంటే వద్దన్నారు. ఇతరులు కనిపెట్టిన వాటితో మనం సుఖపడుతున్నాం కాబట్టి మనం కనిపెట్టినవి ఊరికే ఇవ్వాలన్నది ఆయన వాదన. లండన్‌లో ఒక ఇనుప సామాన్ల వ్యాపారి దాన్నే కాస్త మార్చి పేటెంటు తీసుకుని డబ్బు చేసుకున్నా ఆయన గొడవపడలేదు.

ఇంజనీర్లుగా మనం ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ పొయ్యి మొదటి నమూనా అంత గొప్పది కాదు. పొగను ముందు కిందికి దించి తర్వాత పైకి పంపే అమరిక వల్ల గొట్టం సరిగా లాగేది కాదు, మంట ఆరిపోయేది. తర్వాత ఫిలడెల్ఫియాకే చెందిన డేవిడ్ రిటెన్‌హౌస్ గొట్టం అమరిక మార్చి మెరుగుపరిచాడు. పేటెంటు గోడ లేకపోవడం వల్ల వాడినవాళ్లూ చేసినవాళ్లూ దాన్ని దిద్దుకుంటూ పోయారు.

గాజు గొట్టం నుంచి ఇనుప కడ్డీ దాకా

ఇక మనకు తెలిసిన గాలిపటం కథ. ఆ కథ గ్రంథాలయంలో మొదలైంది. గ్రంథాలయానికి లండన్ నుంచి పుస్తకాలు కొని పంపే పీటర్ కాలిన్సన్ అనే వ్యాపారి, 1740ల నడిమి కాలంలో, పుస్తకాలతోపాటు ఒక గాజు గొట్టం, దాన్ని రుద్ది విద్యుత్ ప్రయోగాలు ఎలా చేయాలో చెప్పే కాగితాలు కానుకగా పంపాడు. చందాదారుల సొమ్ముతో నడిచే గ్రంథాలయానికి వచ్చిన కానుక అది. ఫ్రాంక్లిన్ ప్రయోగాలు మొదలుపెడితే చూడడానికి జనం ఇంటికి విరగబడి వచ్చేవారు. ఆ తాకిడి తట్టుకోలేక, ఊళ్లోని గాజు కార్ఖానాలో అలాంటి గొట్టాలే ఇంకొన్ని చేయించి మిత్రులకు పంచారు.

ఆ మిత్రులు ప్రేక్షకులుగా మిగిలిపోలేదు. వెండి పనిచేసే ఫిలిప్ సింగ్, చేత్తో రుద్దే శ్రమ లేకుండా గాజు గోళాన్ని తిప్పే యంత్రం చేశాడు. మొనదేలిన లోహపు కొస విద్యుత్తును సులువుగా వదిలేస్తుందని థామస్ హాప్‌కిన్సన్ గమనించాడు. పని లేక ఖాళీగా ఉన్న ఎబెనెజర్ కిన్నర్‌స్లీ అనే పొరుగాయనకు ఫ్రాంక్లిన్ ఉపన్యాసాలు తయారుచేసి ఇచ్చి, ఊరూరా తిరిగి ప్రయోగాలు చూపించే వృత్తి కల్పించారు. ఫ్రాంక్లిన్ తన ఉత్తరాల్లో ఎవరు ఏది కనిపెట్టారో వాళ్ల పేరుతోనే రాశారు.

మొనదేలిన కొస గురించిన ఆ గమనింపే పిడుగు నుంచి ఇళ్లను కాపాడే ఇనుప కడ్డీకి దారి తీసింది. 1752లో మెరుపు విద్యుత్తేనని తేలాక, 1753 సంవత్సరానికి తాను వేసిన పూర్ రిచర్డ్ పంచాంగంలో ఆ కడ్డీ వివరాలు అచ్చువేశారు. ఆ పంచాంగం రైతు ఇంట్లోనూ ఉండేది, అంగడిలోనూ ఉండేది. సన్నటి ఇనుప కడ్డీ ఒక కొస తడినేలలో మూడు నాలుగు అడుగుల లోతున ఉండాలి, రెండో కొస ఇంటి పైకప్పులో అన్నిటికంటే ఎత్తైన భాగం మీద ఆరు నుంచి ఎనిమిది అడుగులు పైకి ఉండాలి, పై కొసకు మొనదేలిన ఇత్తడి తీగ కట్టాలి. ఊరి కమ్మరి చదువుకుని చేయగలిగిన పని. దీనికీ పేటెంటు లేదు. కొన్నేళ్లకు ఫిలడెల్ఫియాలో విలియం వెస్ట్ అనే వర్తకుడి ఇంటి మీద పిడుగు పడితే ఇల్లు దక్కింది, కడ్డీ కొస మాత్రం కరిగింది. ఆ ఇంటికి వెళ్లి వివరాలు సేకరించి, అప్పుడు లండన్‌లో ఉన్న ఫ్రాంక్లిన్‌కు రాసి పంపింది కిన్నర్‌స్లీయే. ఇప్పుడు మన సబ్‌స్టేషన్ల మీద, సెల్ టవర్ల మీద ఉండే లైట్నింగ్ కండక్టర్లకు మూలం అదే.

నెలకు ఆరు పెన్నీలు

1751లో థామస్ బాండ్ అనే వైద్యుడికి పేదల కోసం ఆసుపత్రి పెట్టాలనిపించింది. చందాలకు వెళ్తే ఫ్రాంక్లిన్‌ను అడిగారా అని జనం ఎదురడిగారట. ఫ్రాంక్లిన్ శాసనసభ దగ్గరికి ఒక కొత్త రకం ఒప్పందంతో వెళ్లారు. ప్రజలు రెండు వేల పౌన్లు పోగుచేస్తే సభ ఇంకో రెండు వేలు ఇవ్వాలి. అంత సొమ్ము పోగవదులే అనుకుని సభ్యులు ఒప్పుకున్నారు. ప్రతివాడి చందా రెట్టింపవుతుందని తెలిశాక జనం ధారాళంగా ఇచ్చారు. అమెరికాలో పేరున్న పెన్సిల్వేనియా ఆసుపత్రి అలా వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంతకంటే చిన్న పని. సంత దగ్గర కొంత దూరం రాళ్లు పరిచారు కానీ, బళ్లు మోసుకొచ్చే బురద మళ్లీ పేరుకుంటోంది. ఫ్రాంక్లిన్ ఒక బీద పనివాడిని వెతికి మాట్లాడారు. వారానికి రెండుసార్లు తుడిచి, అందరి గుమ్మాల ముందు మట్టి ఎత్తిపోయడానికి ఇంటికి నెలకు ఆరు పెన్నీలు చాలన్నాడు. అప్పుడు ఫ్రాంక్లిన్ ఒక కాగితం రాసి అచ్చువేశారు. కాళ్లకు బురద అంటకపోతే ఇల్లు శుభ్రంగా ఉంటుంది, అంగడికి కొనేవాళ్లు సులువుగా వస్తారు, గాలికి దుమ్ము లేచి సరుకు మీద పడదు. ఇంటింటికీ ఆ కాగితం పంచి, ఒకటి రెండు రోజులాగి, ఎవరు కడతారో తెలుసుకోవడానికి తానే తిరిగారు. అందరూ సంతకం పెట్టారు. ఆ వీధి చూశాక ఊళ్లో మిగతావాళ్లకు కూడా తమ వీధుల్లో రాళ్లు పరిపించుకోవాలనిపించింది, అందుకు పన్ను కట్టడానికి సిద్ధపడ్డారు.

వీధి దీపాల ఆలోచన ఆయనది కాదు. జాన్ క్లిఫ్టన్ అనే ఆయన తన గుమ్మం ముందు ఒక దీపం పెట్టి చూపించాడు. ఫ్రాంక్లిన్ చేసింది ఆ దీపం ఆకారం మార్చడం. లండన్ నుంచి తెప్పించిన దీపాలు గుండ్రటి గాజు బుడ్డీలు. కింద గాలి చొరబడే దారి లేదు కాబట్టి పొగ లోపలే తిరిగి గాజు మసిబారేది, రోజూ తుడవాలి, చిన్న దెబ్బకే మొత్తం పగిలేది. ఆయన నాలుగు పలకల గాజు వాడమన్నారు. పైన పొగ లాగడానికి పొడుగాటి గొట్టం, కింద గాలికి సందులు. దీపం తెల్లవారేదాకా వెలుగునిచ్చేది. దెబ్బ తగిలితే ఒక్క పలకే పోతుంది, అది మార్చుకోవడం తేలిక. రేపు దాన్ని తుడిచేవాడెవరు, పగిలితే అతికేదెవరు అన్న ప్రశ్న గీత గీసేటప్పుడే ఆయన మనసులో ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో మంచినీటి ప్లాంటు పెట్టించడంలో నేను ముందున్నాను. లెక్కలన్నీ సరిగానే వేశాను. రిబ్బను కత్తిరించాం, దాతల పేర్లతో పలక బిగించాం, ఫొటోలు దిగాం. ఏడాది దాటాక వెళ్తే తలుపుకు తాళం. ఊళ్లో త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు ఆడవాళ్లంతా పొలాల్లో ఉంటారు, వాళ్లకు నీళ్లు కావలసిన వేళకు కరెంటు ఉండదు. ఫిల్టరు మార్చడానికి డబ్బు ఎవరిస్తారో ఎవరికీ తెలియదు. బిందె పట్టుకుని నిలబడిన ఒక పెద్దావిడ, మమ్మల్ని ముందే అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదా బాబూ అంది. నిజమే, మేం సర్పంచ్‌గారిని అడిగాం, కాంట్రాక్టరును అడిగాం, నీళ్లు మోసేవాళ్లను అడగలేదు. ఆరు పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరిగిన ఫ్రాంక్లిన్ గురించి చదివినప్పుడల్లా ఆ తాళం గుర్తొస్తుంది.

కుదరని పనులు

ఆయన చేపట్టినవన్నీ నెగ్గలేదు. 1739లో ఊరి మధ్యలోని డాక్ క్రీక్ అనే వాగులోకి తోళ్ల శుద్ధి కార్ఖానాలు మురికి వదులుతున్నాయని, వాటిని తరలించాలని పొరుగువాళ్లతో కలిసి అర్జీ పెట్టారు. కార్ఖానాల యజమానులు బలంగా ఎదిరించారు, కార్ఖానాలు కదల్లేదు. కాపలా పన్ను విషయం చూడండి. యాభై పౌన్ల ఆస్తి కూడా లేని విధవరాలూ, వేల పౌన్ల సరుకు నిలవున్న వర్తకుడూ ఒకటే పన్ను కట్టడం అన్యాయమని జుంటోలో చదివారు. అది చట్టంగా మారడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా జనాన్ని ఆ మార్పుకు సిద్ధం చేయగలిగామని ఆయన తృప్తిపడ్డారు.

ఆయనలో మచ్చలూ ఉన్నాయి. జుంటోలో ఆడవాళ్లు లేరు, నల్లజాతివాళ్లు లేరు. ఫ్రాంక్లిన్ ఇంట్లో బానిసలు పనిచేశారు, ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు వచ్చాయి. ఊరివాళ్లు అన్న మాటలో అప్పటికి వాళ్లు చేరలేదు. ముసలితనంలో ఆ తప్పు తెలుసుకుని, 1787లో పెన్సిల్వేనియాలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యారు. చనిపోవడానికి రెండు నెలల ముందు, 1790 ఫిబ్రవరిలో, బానిసత్వాన్ని తొలగించమని అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లిన అర్జీ మీద ఆయన సంతకం ఉంది.

మధ్యలో ఆయన చేసిన పెద్ద పనులు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. 1776 స్వాతంత్ర్య ప్రకటన రచనలో భాగం, ఫ్రాన్సులో రాయబారిగా దాదాపు తొమ్మిదేళ్లు, 1787 రాజ్యాంగ సభ. ఇన్ని పదవుల తర్వాత కూడా వీలునామాలో తన పేరు పక్కన ముందుగా రాసుకున్న వృత్తి అచ్చుపనివాడు అనే.

వీలునామా

1790 ఏప్రిల్ 17న, ఎనభై నాలుగో ఏట, ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. వీలునామా అనుబంధంలో బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరొక వెయ్యి పౌన్లు రాశారు. పెన్సిల్వేనియా అధ్యక్షుడిగా తనకొచ్చిన జీతంలోంచి తీసిన సొమ్ము అది. పని నేర్చుకుని సొంతంగా మొదలుపెట్టే ఇరవై ఐదేళ్లలోపు వృత్తిపనివాళ్లకు ఐదు శాతం వడ్డీకి అప్పుగా ఇవ్వాలి, పది వాయిదాల్లో వసూలు చేసి మళ్లీ ఇంకొకరికి ఇవ్వాలి. ఇలా రెండు వందల ఏళ్లు నడవాలి. నడిచింది కూడా. లెక్క వేసినంత పెరగలేదు, మధ్యలో అప్పులు తీసుకునేవాళ్లు తగ్గారు. అయినా 1990లో గడువు ముగిసేసరికి బోస్టన్ నిధి దాదాపు యాభై లక్షల డాలర్లయింది, ఫిలడెల్ఫియాది ఇరవై లక్షలు దాటింది.

అదే అనుబంధంలో నీళ్ల గురించి ఒక మాట ఉంది. నేల మీద ఇళ్లూ రాళ్ల బాటలూ పరుచుకుంటే వాననీరు ఇంకదు, ఊటలు కొత్తనీటితో నిండవు, బావుల నీళ్లు పోనుపోను చెడిపోతాయి, అందుకని వందేళ్ల తర్వాత ఆ నిధిలోంచి విస్సహికన్ వాగు నీటిని గొట్టాల ద్వారా ఊరికి తేవాలని రాశారు. ఊరు అంతకాలం ఆగలేకపోయింది. 1793లో విషజ్వరం వేలమందిని బలిగొన్నాక, 1801కల్లా ఇంకో నది నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చాయి. సిమెంటు రోడ్ల మధ్య వేయి అడుగుల బోర్లు దింపుతున్న మన తరానికి ఆ వాక్యం కొత్తగా వివరించనక్కర్లేదు.

సంఘం మిత్రులకు నా మనవి ఒకటే. యాభై ఒకటో ఏడు మొదటి సమావేశంలో విరాళాల జాబితా కంటే ముందు ఒక ప్రశ్న చదువుదాం. మన బడి చుట్టూ ఉన్నవాళ్లకు ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటో వాళ్లనే అడిగి తెలుసుకున్నామా అని. మనలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, రైతులున్నారు, వడ్రంగులున్నారు, గృహిణులున్నారు. జుంటోకు ఇంతమంది లేరు. ఏ పని తలపెట్టినా దాన్ని రేపు తుడిచేదెవరో, ఆరు పెన్నీలు కట్టేదెవరో ఈ రోజే రాసుకుందాం. పేర్ల పలక తర్వాత చూసుకోవచ్చు.

వీలునామాలో ఇంకొక చిన్న మొత్తం ఉంది. నా మొదటి చదువు బోస్టన్ ఉచిత పాఠశాలల చలవే అని తలుచుకుని, వాటికి వంద పౌన్లు రాశారు. దాని వడ్డీతో ఏటా విద్యార్థులకు వెండి పతకాలు ఇవ్వాలి. ఆ బడిలో ఫ్రాంక్లిన్ చదివింది ఏడాది కూడా కాదు. మనం ఇక్కడ ఐదేళ్లు చదువుకున్నాం.